ఏరి పారేసిన చుక్కలు

పుష్ప రోజూ ఎనిమిదింటికల్లా మేడ మెట్లెక్కి వచ్చి తోడికోడల్ని ఒకటే మాట అడిగేది.

"అక్కా, ఈపాటికి ఎక్కడున్నారు?"

ప్రసూన లాప్‌టాప్ తెరిచి అంటార్కిటికా తీరం మ్యాపు చూపించేది. తీరాన్ని అంటుకుని గడ్డకట్టిన సముద్రం, దాని మీద పచ్చరంగు, ఆ పచ్చలో ఒక నల్లచుక్క. ఆ చుక్క పుష్ప మొగుడు త్రినాథ్ తోలుతున్న బండి. మంచు మీటరున్నర కంటే మందంగా ఉంటే పచ్చ, పల్చబడుతుంటే పసుపు, బండి పోకూడని చోట ఎరుపు. "పచ్చలోనే ఉన్నాడు," అనేది ప్రసూన. ఆ ఒక్క మాటతో పుష్ప మనసు కుదుటపడి, పిల్లలకు టిఫిన్లు పెట్టుకోవడానికి కిందికి దిగిపోయేది. ఉపగ్రహాలేమిటో, రాడార్లేమిటో ఆమె ఏనాడూ అడగలేదు. అక్క చెప్పింది కదా, చాలు.

అలా నమ్మడానికి కారణం లేకపోలేదు. త్రినాథ్‌ని అంత దూరం పంపింది ప్రసూనే. విశాఖపట్నం నుంచి భీమిలి పోయే దారిలో, కొండ మీద ఉన్న ధ్రువ పరిశీలన కేంద్రంలో ఆమె పదిహేనేళ్ళుగా సైంటిస్టు. మంచు మీద పెద్ద బండ్లు తోలి, అవి చెడిపోతే బాగు చేసుకోగల మనిషి కావాలని కేంద్రంలో వెతుకుతుంటే, పోర్టులో క్రేన్ల మెకానిక్‌గా ఉన్న మరిది పేరు ఆమే చెప్పింది. పుష్ప నెల రోజులు ఏడ్చింది. "మా ఉపగ్రహాలు పైనుంచి చూస్తూ ఉంటాయే, అతను అడుగు వేసేలోపు కింద మంచెంతుందో నాకు తెలిసిపోతుంది," అని ప్రసూన ధైర్యం చెప్పింది. చెప్పినప్పుడు అది అబద్ధమని ఆమెకు తెలియదు.

ఆ ఆదివారం పుష్ప వచ్చేటప్పటికి ప్రసూన ఇంకా కాఫీ గ్లాసు ముందే కూర్చుని ఉంది. భర్త జోగారావు పోర్టులో పగలు షిఫ్టుకి వెళ్ళిపోయాడు. పుష్ప ఈసారి ఎక్కడున్నారని అడగలేదు. ఫోను ఆమె మొహం ముందు పెట్టింది.

"నిన్న సాయంత్రం ఈయన పంపించాడు. చూడు."

ఎటు చూసినా తెల్లటి మైదానం. మధ్యలో ఎర్రకోటు వేసుకుని నడుం మీద చేతులు పెట్టుకున్న త్రినాథ్. అతని వెనక తొమ్మిది సీల్ జంతువులు బద్ధకంగా ఎండలో పడుకుని ఉన్నాయి.

"బాగుంది," అంది ప్రసూన. "అవి సీల్స్."

"అవేటో నాకు తెలీదేటి, టీవీలో చూసాను. నేనడిగీది అది కాదు. ఇక్కడ మంచు ఎంతుందన్నావు?"

ప్రసూన మ్యాపు చూసింది. "రెండు మీటర్ల పది సెంటీమీటర్లు."

"అంత మందం అడుగునుంచి ఇవి పైకి ఎలాగొచ్చాయి మరి?"

పుష్ప పుట్టింటివాళ్ళు భీమిలిలో పడవలున్నవాళ్ళు. నీళ్ళ గురించి ఆమెకు ఊహలుండవు, అనుమానాలుంటాయి. ప్రసూన ఓపిగ్గా చెప్పింది: సీల్ ఊపిరి తీసుకోవాలి కాబట్టి పళ్ళతో మంచు కొరికి కన్నం చేసుకుంటుంది, ఆ కన్నంలోంచి పైకి వచ్చి పడుకుంటుంది.

"ఒకటి కొరుక్కుంటాది, ఒప్పుకున్నాను. తొమ్మిదీ ఇలా తాడు పట్టి పడుకోబెట్టినట్టు వరసన కొరుక్కున్నాయేటి?" అంది పుష్ప. "సముద్రంలో ఏదైనా వరసన ఉన్నాదంటే కింద ఏదో ఉన్నట్టే అనీవోడు మా అయ్య."

"ఏదో చిన్న పగులుంటుందిలే. బండ్లు దాటేసి వెళ్ళిపోయాయి కదా. ఇదిగో, పచ్చలోనే ఉన్నాడు."

పుష్ప తలూపి వెళ్ళిపోయింది. ప్రసూన గ్లాసు ఎత్తింది, దించింది. కాఫీ చల్లారిపోయి ఉంది. ఆనపకాయ తరగడానికి కూర్చుంది. రెండు ముక్కలు కోసి, లేచి, మళ్ళీ మ్యాపు తీసింది. తీరం దగ్గర ఆటుపోట్లకు మంచు పగలడం మామూలే. కాని సీల్స్ పడుకున్న చోటు తీరానికి ఇరవై రెండు కిలోమీటర్ల అవతల ఉంది. మ్యాపులో అక్కడ గీత లేదు, మరక లేదు, పసుపు నలుసైనా లేదు. అంత శుభ్రమైన పచ్చ ఆమెకు మొదటిసారి నచ్చలేదు. కత్తిపీట మడిచేసి, స్కూటర్ తాళాలు తీసుకుంది. ఎక్కడికని పుష్ప కింద గుమ్మంలోంచి అడిగితే, "ఇప్పుడే వస్తా," అని చూడకుండానే అంది.

తొమ్మిదిన్నరకు కేంద్రంలో ఎవరూ లేరు. గేటు దగ్గర వాచ్‌మన్, డాబా మీద ఆకాశంలోకి మొహం పెట్టిన గిన్నె ఏంటెనా తప్ప. దక్షిణ ధ్రువం మీదుగా ఒకదాని వెనక ఒకటిగా తిరిగే పదహారు చిన్న ఉపగ్రహాలకు కేంద్రంవాళ్ళు 'సరణి' అని పేరు పెట్టుకున్నారు. పదహారూ కలిసి ఒకే పెద్ద చెవిగా పని చేస్తాయి. కిందికి రాడార్ తరంగం పంపి, అది మంచు మీద తగిలి ఎంతసేపట్లో తిరిగొచ్చిందో కొలుస్తాయి. మంచు నీటిమీద పైకి తేలింది జానెడైతే కింద మునిగింది తొమ్మిది జానలు, అందువల్ల ఆ పై జానెడును ఖచ్చితంగా కొలిస్తే అడుగు లెక్క దానంతటదే వస్తుంది. పాత ఉపగ్రహాలకు ఒక చూపులో కిలోమీటరు మంచు ఒకే ముద్దగా కనిపించేది. సరణికి పది అడుగుల మేర విడివిడిగా కనిపిస్తుంది.

సరణి రాకముందు స్టేషన్‌నుంచి ఓడ దాకా మంచు మీద బండ్ల ప్రయాణమంటే వారం పని. ప్రతి వంద గజాలకూ ఒక మనిషి దిగి, మోటారు బర్మాతో కన్నం వేసి, టేపు దించి చూసేవాడు. సరణి వచ్చాక ఆ పని రెండు రోజులకు తగ్గింది. బర్మాను, దాన్ని మోసే ఇద్దరు మనుషులను స్టేషన్‌లోనే వదిలేశారు. "నీ మ్యాపుండగా బర్మా ఎందుకు వదినా, దండగ బరువు," అని త్రినాథే ఫోనులో అన్నాడు. ఆ రోజు ప్రసూన ఎంత మురిసిపోయిందో ఆమెకే తెలుసు.

ఆమె తన కుర్చీలో కూర్చుంది, మళ్ళీ లేచి కిటికీ తెరిచింది, మళ్ళీ కూర్చుంది. చూడాల్సింది ఎక్కడో ఆమెకు ఇంటి దగ్గరే తెలుసు. తెలిసినా తెరవడానికి చెయ్యి రాలేదు.

కేంద్రంలో ఒక అలవాటుంది. శుక్రవారం సాయంత్రం అందరూ మిరపకాయ బజ్జీలు తెప్పించుకుని, వారమంతా సరణి పంపిన కొలతలను జల్లెడ పట్టి, ఆ జల్లెడ వేరు చేసిన చెత్తను కలిసి తుడిచేస్తారు. ఆ జల్లెడ ప్రసూన రాసిన ప్రోగ్రాం. ఉద్యోగంలో చేరిన కొత్తలో, పాత ఉపగ్రహం కోసం రాసింది. దాని నియమం ఒక్కటే. చుట్టూ రెండు మీటర్ల మంచు ఉండగా మధ్యలో ఒక్క కొలత అర మీటరని వస్తే, అది రాడార్ పొరపాటు. బియ్యంలో రాయిలా దాన్ని ఏరేసి, ఆ ఖాళీలో పక్కవాటి సగటు నింపాలి. కిలోమీటరు ముద్దల కాలంలో అది నూటికి నూరుపాళ్ళు సరైన నియమం. అందరూ మెచ్చుకున్నారు, 'ప్రసూన జల్లెడ' అని పేరు పెట్టారు. సరణి వచ్చినప్పుడు పాత ప్రోగ్రాంలన్నిటితో పాటు జల్లెడ కూడా కొత్త కంప్యూటర్లోకి వచ్చేసింది. పది అడుగుల చూపుకు ఆ నియమం పనికొస్తుందా అని ఎవరూ అడగలేదు. ఆమె అసలే అడగలేదు. తన పేరున్న వస్తువును ఎవరు అనుమానిస్తారు.

మొన్న శుక్రవారం క్రిస్మస్ సెలవు. బజ్జీలూ లేవు, తుడవడమూ లేదు. తొమ్మిది రోజుల చెత్త అలాగే ఉంది.

ప్రసూన మంచి కొలతలన్నిటినీ పక్కన పెట్టేసింది. ఖాళీ తెల్లకాగితం లాంటి తెర మీద, ఏరి పారేసిన చుక్కలను మాత్రమే గీయమని కంప్యూటరుకు చెప్పింది. నిజంగా అవి రాడార్ పొరపాట్లయితే ఆవాలు ఒలికినట్టు ఇష్టం వచ్చినట్టు చెదిరి ఉండాలి.

చుక్కలు ఒక్కొక్కటే వచ్చి గీతలుగా నిలబడ్డాయి. తీరం వైపునుంచి సముద్రం వైపుకు వంకరలు తిరుగుతూ పోయే పొడవాటి గీతలు. కింద వెచ్చని నీళ్ళు పాయలుగా ప్రవహిస్తూ మంచును అడుగునుంచి తినేస్తున్నాయి. పాయ వెడల్పు పది అడుగులు, మహా అయితే పదిహేను. పైన గాలి కొట్టుకొచ్చిన మంచు పొడి సమంగా కప్పేసి ఉంటుంది కాబట్టి కంటికి ఏమీ కనపడదు. సరణి కనిపెట్టింది, చెప్పింది, రోజూ చెబుతూనే ఉంది. ఆమె జల్లెడ రోజూ ఏరి పారేస్తూ వచ్చింది.

బండ్ల దారిని ఆ గీతల మీద పెట్టి చూసింది. నిన్న సాయంత్రం ఒక గీతను దాటారు. సీల్స్ పడుకున్నది సరిగ్గా ఆ గీత మీదే. అక్కడ మంచు ఎనభై సెంటీమీటర్లు. పద్నాలుగు టన్నుల బండికి మీటరు పైన కావాలి. ఎలా దాటారో దేవుడికే తెలియాలి. రెండో గీత ముందుంది. అక్కడ మంచు ముప్పై అయిదు.

గోడ గడియారం పదిన్నర చూపిస్తోంది. బండ్లు రెండు గంటలకోసారి ఆగి, చేతిలో పట్టుకునే శాటిలైట్ ఫోను తెరిచి కేంద్రానికి చేస్తాయి. వాళ్ళు చేస్తే తప్ప ఇక్కడినుంచి కలవదు. పదకొండింటికి ఫోను రావాలి. వాళ్ళ వేగానికి ఆ గీత పదకొండు దాటిన నిమిషానికే వస్తుంది.

ఆమె ఫోను అందుకుని డైరెక్టర్ సదానందం గారు పది నిమిషాల్లో వచ్చారు. చేతిలో ఇంకా చేపల సంచి ఉంది, బజారునుంచి తిన్నగా వచ్చారు. తెర ముందు నిలబడి గీతలను ఒక్కొక్కటే వేలితో చూసుకుంటూ పోయారు.

"ఇది రాడార్ పొరపాటు కాదని నీకు ఖాయమేనా?" అన్నారు చివరికి.

"పొరపాట్లు గీతలు గీయవు సార్."

"ఈ మ్యాపు పదకొండు దేశాలు వాడుతున్నాయి ప్రసూనా."

"తెలుసు సార్. వాళ్ళందరికీ నేనే రాస్తాను, జల్లెడ నాదని. ముందు ఆ బండ్లలో ఉన్న ఏడుగురినీ ఆపాలి."

"ఆపుదాం," అన్నారాయన. సంచి కింద పెట్టి కుర్చీ లాక్కున్నారు. "నేను కాదనను. ఎక్కడ ఆపుదామో చెప్పు. ఆగమంటే ఆగుతారు, ఆగిన చోట కింద ఎంతుందో నీ మ్యాపు చెప్పాలి. ఇప్పుడు దాన్ని నువ్వు నమ్ముతున్నావా?"

ఆయన దెప్పడానికి అన్న మాట కాదు అది. ప్రసూన లేచి తెర దగ్గరికి, తెర దగ్గరినుంచి ఫోను దగ్గరికి నడిచింది. ఈలోగా ఆమె సెల్‌ఫోను మోగింది. పుష్ప. ఎత్తలేదు. మళ్ళీ మోగింది. మూడోసారి ఎత్తింది.

"అక్కా, నీ మొహం బాగోలేదు పొద్దున. ఎక్కడున్నారాయన?"

పచ్చలో అనే మాట నాలిక మీదికి అలవాటుగా వచ్చింది. ప్రసూన దాన్ని మింగేసింది. "పుష్పా, ఆటో కట్టించుకుని ఇక్కడికి వచ్చెయ్యి," అంది.

పదకొండింటికి రెండు నిమిషాలుండగా మంచు మీదనుంచి ఫోను వచ్చింది.

"ఏటి వదినా, ఆదివారం కూడా డ్యూటీయేనా," అన్నాడు త్రినాథ్. వెనక ఇంజిన్ చప్పుడు.

"బండి దిగకు, కదపకు. మిగతావాళ్ళకి చెప్పు. నా మ్యాపు తప్పు త్రినాథ్. మీకు మూడొందల గజాల ముందు మంచు జానాబెత్తెడుంది."

అవతల ఇంజిన్ ఆగిపోయింది.

"తెరమీద పచ్చగా ఉన్నాది కదా," అన్నాడతను.

"ఉంది. అది నేను పూసిన పచ్చ."

జట్టు నాయకుడు నేగీ ఫోను అందుకున్నాడు. హిమాలయాల్లోని గఢ్వాల్ మనిషి, మంచు అతనికి కొత్త కాదు. సదానందం గారు హిందీలో విషయం చెప్పారు. నేగీ విని, తన విషయం చెప్పాడు. స్టేషన్ వంటాయన కుంజప్పన్ కడుపునొప్పితో బండిలో పడుకుని ఉన్నాడు. తెల్లవారుజామున అపెండిక్స్ పగిలిందని వెంట ఉన్న డాక్టరు అంటున్నాడు. సాయంత్రంలోగా ఓడలోని ఆపరేషన్ గదికి చేర్చకపోతే మనిషి దక్కడు. ఓడ ఇంకా పది కిలోమీటర్లుంది. గాలి లేస్తోంది, హెలికాప్టర్ ఎగరదు. వెనక్కి పోతే నిన్నటి గీత మళ్ళీ దాటాలి, ఒకసారి ఏనుగు నడిచిన వంతెన అది. కాబట్టి ముందుకే.

"గునపముందా?" అడిగింది ప్రసూన.

"చక్రాల పట్టీల్లో మంచు గీకీది ఒకటున్నాది," అన్నాడు త్రినాథ్.

నడుముకు తాడు కట్టుకుని, ఆ గునపం పట్టుకుని అతను ముందు నడవడం మొదలుపెట్టాడు. ఫోను పట్టుకుని నేగీ వెనక. ఇరవై అడుగులకోసారి గునపం దిగే చప్పుడు విశాఖపట్నం దాకా వినిపించింది. ప్రసూన చెత్తలోని చుక్కలు ఒక్కొక్కటీ చదువుతూ, ఇన్ని అడుగులు ఎడమకు, ఇన్ని ముందుకు అని చెబుతోంది. పుష్ప ఎప్పుడొచ్చిందో తెలియదు. కుర్చీ వెనక, చెప్పులు కూడా విప్పకుండా నిలబడి ఉంది. ఎవరూ ఆమెకు ఏమీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేకపోయింది.

గీత చెప్పిన చోటనే ఉంది. గునపం మూడో పోటుకు దిగిపోయి నీళ్ళు ఉబికాయి. ఏరి పారేసిన చుక్కలు అణా పైసలతో సహా నిజం. ప్రసూనకు ఏడుపొచ్చింది, సంతోషం కాదు, సిగ్గు.

"దీన్ని బండి దాటదు," అన్నాడు త్రినాథ్ రొప్పుతూ. "ఎక్కడైనా గట్టి చోటున్నాదేటి చూడు వదినా."

ఉంది. కుడివైపు నాలుగొందల గజాల దూరంలో గీత తెగింది. అరవై అడుగుల మేర చుక్కలే లేవు. ఆ అవతల మళ్ళీ మొదలైంది. ప్రసూన వేలు అక్కడ ఆగింది. సదానందం గారు ముందుకు వంగారు.

"పల్చటి చుక్కల్లేవంటే మందంగా ఉన్నట్టే కదమ్మా," అన్నారు మెల్లగా. "మామూలు మ్యాపులో ఎంతుంది అక్కడ?"

"మీటరు తొంభై."

"మరింకేం. చెప్పు, వాళ్ళు దాటేస్తారు. కుంజప్పన్‌కి టైం లేదు."

ఆమె ఆ అరవై అడుగుల అసలు రికార్డు తెరిచింది. పదహారు ఉపగ్రహాల్లో ఒకటి ఆ వారం రెండు రోజులు పని చేయలేదు. సరిగ్గా ఆ ముక్క అది చూడాల్సింది. చూడలేదు. చూడని చోట కూడా జల్లెడ పక్కవాటి సగటు తెచ్చి నింపింది, మీటరు తొంభై, కళ్ళకు ఇంపుగా. అక్కడ గట్టి మంచు ఉండొచ్చు. ఉండకపోవచ్చు.

"వదినా," అన్నాడు త్రినాథ్. "కుడిపక్కకి వచ్చాం. బండి తెచ్చీమంటావా? పచ్చేనా ఇది?"

గదిలో అందరికీ పచ్చే కావాలి. సదానందం గారికి కావాలి, పుష్పకు కావాలి, మంచు మీద నిలబడ్డవాళ్ళకు కావాలి. అందరికంటే ఎక్కువగా ప్రసూనకు కావాలి. పదిహేనేళ్ళ ఉద్యోగంలో ఆమె ఎన్నో నివేదికలు రాసింది, వాటిలో ఎక్కడా రాయని మాట ఒకటుంది.

"నాకు తెలీదు," అంది.

"తెలీదంటే?"

"అక్కడ మేం చూడనేలేదు త్రినాథ్. మంచిదని చెప్పను, చెడ్డదని చెప్పను. నాకు తెలీదు. నువ్వే చూసుకోవాలి."

పుష్ప చెయ్యి కుర్చీ వీపు మీద బిగుసుకుంది. అవతల త్రినాథ్, "నువ్వీ మాటనడం ఎప్పుడూ వినలేదు వదినా," అని, "సరే, బండ్లు అక్కడే ఉంచండి," అని హిందీలో వెనక్కి కేకేశాడు.

గునపం నాలుగో పోటుకు దిగిపోయింది. మీటరు తొంభై అన్న చోట రెండు జానలు కూడా లేదు.

ఆ తరవాత ఏం చెయ్యాలో ప్రసూన చెప్పాల్సిన పనిలేకపోయింది. బండి మంచులో కూరుకుపోతే కింద వేయడానికి తెచ్చుకున్న పొడవాటి చెక్కలు రెండు తీసి పాయ మీద అడ్డంగా పరిచారు. కుంజప్పన్‌ని చిన్న స్లెడ్జికి కట్టి, మనుషులే తాళ్ళు పట్టి లాగారు. పొట్ట మీద పాకుతూ ఒకరి తరవాత ఒకరు దాటారు. స్లెడ్జి దాటింది. డాక్టరు దాటాడు. నేగీ హిందీలో ఒక్కొక్క పేరూ చెబుతుంటే సదానందం గారు కాగితం మీద టిక్కులు పెడుతున్నారు. ఆఖరున త్రినాథ్ మిగిలాడు. అతను దాటుతూ, ముందు ఇంకో గీత ఉంటే పనికొస్తాయని చెక్కలు కూడా లాక్కురావాలనుకున్నాడు. పోర్టు మనిషి, సామాను వదలడు.

మంచు విరిగిన పెళుసు చప్పుడు. తరవాత నేగీ కేకలు, అందరి కేకలు. ఫోను మంచు మీద పడినట్టుంది, గాలి తప్ప మాట లేదు.

ప్రసూన వెనక్కి తిరగలేకపోయింది. పుష్ప నేల మీద కూర్చున్న చప్పుడు విన్నది. గడియారంలో సెకన్ల ముల్లు చూడకూడదనుకుంటూనే చూసింది. నాలుగు సార్లు తిరిగింది. ఆ నాలుగు నిమిషాల్లో ఆమె అడిగింది ఒక్కటే, అతని బదులు తనను తీసుకోమని. అలా ఎవరూ తీసుకోరని తెలిసే అడిగింది.

"నికాల్ లియా," అన్నాడు నేగీ. ఏడుస్తున్నాడు. "జిందా హై." బతికే ఉన్నాడు.

త్రినాథ్ నడుముకున్న తాడు తెగలేదు. కాని నీళ్ళలో అతని కుడిచేతి గ్లోవ్ ఊడిపోయింది. ఆ తడిచేత్తో తాడు పట్టుకుని పైకి పాకాడు. ఓడ చేరడానికి అయిదు గంటలు పట్టింది. కుంజప్పన్‌కి ఆపరేషన్ జరిగింది, బతికాడు. ఆ గదిలోనే, మూడు వారాల తరవాత, చలికి చచ్చుబడ్డ త్రినాథ్ కుడిచేతి నాలుగు వేళ్ళు తీసేశారు.

ఫిబ్రవరి నెలాఖరుకి త్రినాథ్ ఇంటికొచ్చాడు. అప్పటికి ప్రసూన పదకొండు దేశాలకూ ఉత్తరాలు రాసింది, ప్రతిదాంట్లో జల్లెడ తనదేనని, తప్పు తనదేనని. కొత్త మ్యాపులో సరణి చూడని చోటుకు, అనుమానం ఉన్న చోటుకు రంగు వేయడం మానేశారు. మ్యాపు నిండా కన్నాలే ఉన్నాయని, ఇది ఎలా వాడుకోవాలని అన్ని వైపులనుంచీ తిట్లు వస్తున్నాయి. సదానందం గారు ఆ తిట్లన్నీ తిని, తను రిటైరయ్యేదాకా మ్యాపు ఇలాగే ఉంటుందని తెగేసి చెప్పారు.

ఇంట్లో మాత్రం ఎవరూ తిట్టలేదు. అది ఇంకా కష్టంగా ఉంది. రెండు నెలలుగా పుష్ప మేడ ఎక్కడం మానేసింది. ఎదురుపడితే పక్కకు తప్పుకుంటోంది. జోగారావు మధ్యలో నలిగిపోతున్నాడు. ప్రసూన కేంద్రంలో ఉంటే ఇంటికి పోవాలనిపిస్తుంది, ఇంటికొస్తే కూర్చోబుద్ధి కాదు.

వచ్చిన మూడో రోజు త్రినాథే కింద మెట్ల దగ్గర నిలబడి పిలిచాడు.

"వదినా, భోజనానికి రా. పుష్ప పులుసు పెట్టింది."

వెళ్ళింది. జోగారావుతో కలిసి ముగ్గురూ పీటల మీద కూర్చున్నారు. పుష్ప ఆమె విస్తట్లో అన్నం వడ్డించింది, మాట్లాడలేదు. తరవాత మొగుడి పక్కన కూర్చుని, అతని విస్తట్లో అన్నం కలపడం మొదలుపెట్టింది. ఎడమచేత్తో తినడం అతనికింకా అలవాటు కాలేదు. స్పూనుతో తింటే తిన్నట్టుండదట.

"ఇప్పుడు ఆ చోటు ఎలా చూపిస్తున్నారు?" అడిగాడు త్రినాథ్.

"ఖాళీగా వదిలేశాం."

అతను తలూపాడు. "అదీ బాగానే ఉన్నాది. ఖాళీ చూస్తే ఎవడైనా బండి దిగుతాడు."

ప్రసూన ముద్ద కలపడం ఆపింది. రెండు నెలలుగా దాచుకున్న మాట అప్పుడు అంది. "నన్ను క్షమించు త్రినాథ్. పుష్పా, నువ్వు కూడా."

పుష్ప తలెత్తలేదు. త్రినాథ్ కట్టు విప్పిన చేతిని మోకాలి మీద పెట్టుకుని చూసుకున్నాడు. బొటనవేలొక్కటే మిగిలింది. అతని గొంతులో కోపం లేదు, క్రేను ఎందుకు ఆగిపోయిందో ఆఫీసరుకు చెప్పేటప్పుడు ఎలా మాట్లాడతాడో అలాగే మాట్లాడాడు.

"నువ్వు తెలీదన్నావు కాబట్టి ఏడుగురం బతికాం వదినా. అదే మాట ముందే అనుంటే ఈ నాలుగూ ఉండీవి."

"అవును," అంది ప్రసూన.

పుష్ప ముద్ద చేసి మొగుడి నోట్లో పెట్టింది.